చలికాలంలో ఐస్‌లాండ్‌లో కారు నడపాలంటే: చలి సంగతి సరే, గాలి సంగతి చూసుకోండి

ఐస్‌లాండ్ వెళ్తున్నామని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, "అంత చలికి ఎలా తట్టుకుంటార్రా" అని. రాజమండ్రి నుంచి మా అమ్మయితే మంకీ క్యాపులు ఎన్ని సర్దామో ఫోన్‌లో లెక్క చెప్పించుకుంది. నిజానికి చలి అంత పెద్ద సమస్య కాదు. దక్షిణ తీరంలో ఫిబ్రవరిలో కూడా సున్నాకి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది, వెచ్చటి సముద్ర ప్రవాహం పుణ్యమా అని. అక్కడ మనిషిని ఏడిపించేది గాలి, దాని తర్వాత వెలుతురు చాలకపోవడం. మంచుది మూడో స్థానమే. ఈ వరస బుర్రలో పెట్టుకుని ప్లాన్ వేసుకుంటే హాయిగా తిరిగొస్తారు, లేదంటే మాలాగా కారు తలుపుకి డబ్బులు కట్టి వస్తారు. తలుపు కథ తర్వాత చెప్తాను.

మేం నలుగురం వెళ్లాం. నేను, మా ఆవిడ మాంచెస్టర్ నుంచి, అక్కా బావా హైదరాబాద్ నుంచి. ఫిబ్రవరి ఆఖరి వారం, ఏడు రాత్రులు. అందరికీ ఐస్‌లాండ్ మొదటిసారే, అందులో బావకైతే మంచు మీద కారు నడపడమే మొదటిసారి.

ముందు రింగ్ రోడ్ పంచాయితీ తేల్చుకోండి. దేశం చుట్టూ తిరిగే ఒకటో నంబర్ రోడ్డు ఉంది, 1,300 కిలోమీటర్ల పైచిలుకు. యూట్యూబ్ చూసిన ప్రతివాళ్లకీ దాన్ని మొత్తం చుట్టేయాలని ఉంటుంది. వేసవిలో చుట్టండి, చలికాలంలో మాత్రం వద్దు. ఉత్తరం వైపు, తూర్పు వైపు కొండ దారులు తుఫాను వచ్చిందంటే మూసేస్తారు, సగం చుట్టాక ఇరుక్కున్నారంటే ముందుకీ పోలేరు వెనక్కీ రాలేరు, ఈలోపు మీ ఫ్లైట్ మీరు లేకుండానే ఎగిరిపోతుంది. బావ గూగుల్ మ్యాప్ ముందు పెట్టుకుని "రోజుకి రెండొందల కిలోమీటర్లేరా, హైదరాబాద్ నుంచి విజయవాడ అంత కూడా లేదు" అని వాదించాడు. అక్కడికెళ్లాక మొదటి రోజు 60 కిలోమీటర్లకి గంటన్నర పట్టేసరికి ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మేం చేసింది, ఎవరడిగినా చెప్పేది కూడా ఇదే: దక్షిణ తీరం వెంట వెళ్లి అదే దారిన వెనక్కి రావడం. రాజధాని రేక్యవిక్‌లో రెండు రాత్రులు, వీక్‌లో ఒకటి, హొప్న్ దగ్గర రెండు, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ వీక్ వైపు ఒకటి, ఆఖరిది ఎయిర్‌పోర్టు పక్కన కెఫ్లవిక్‌లో. వెళ్లిన దారినే రావడం దండగ అనిపిస్తుంది గానీ అదే పెద్ద సుఖం, వెళ్లేటప్పుడు వానలో కనపడనిది వచ్చేటప్పుడు ఎండలో కనపడుతుంది. రూములన్నీ ముందురోజు దాకా డబ్బులు పోకుండా క్యాన్సిల్ చేసుకునేవే తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

నెల ఎంచుకోవడంలో తప్పు చేస్తే మిగతా ఎంత బాగా ప్లాన్ చేసినా కష్టమే. డిసెంబర్ 21 ప్రాంతంలో రేక్యవిక్‌లో పదకొండున్నరకి అటూ ఇటూగా సూర్యుడొచ్చి మూడున్నరకల్లా వెళ్లిపోతాడు. నాలుగు గంటల పొద్దు. క్రిస్మస్ సెలవులని అప్పుడు వెళ్తే చీకట్లో జలపాతం చప్పుడు విని రావాల్సిందే. ఫిబ్రవరి ఆఖరికి పొద్దున తొమ్మిది లోపే తెల్లారి సాయంత్రం ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది, రాత్రులు అరోరాకి, అంటే ఆకాశంలో ఆడే రంగుల వెలుగులకి, సరిపడా చీకటిగానూ ఉంటాయి, మంచు గుహలు మార్చి దాకా తెరిచే ఉంటాయి. నా ఓటు ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా.

కాగితాల విషయం క్లుప్తంగా. ఐస్‌లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాల గుంపులో ఉంది, కాబట్టి ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లకి షెంగెన్ వీసా కావాలి, యూకేలో ఉంటున్నా సరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, ఆఖరి నెల దాకా ఆగకండి. మన లైసెన్స్ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది కాబట్టి పని జరిగిపోతుందని కొందరంటారు, అయినా ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, కౌంటర్ దగ్గర వాదన తప్పుతుంది. డ్రైవర్ పేరు మీద క్రెడిట్ కార్డు ఉండాలి, దాని పిన్ నోటికి రావాలి. ఊరి బయట పెట్రోల్ బంకుల్లో మనిషి ఉండడు, మెషీన్ పిన్ అడుగుతుంది, పైగా ముందు ఒక పెద్ద మొత్తం హోల్డ్‌లో పెట్టి తర్వాత అసలు బిల్లు తీసుకుంటుంది. లిమిట్ తక్కువున్న కార్డుతో వెళ్తే బంకులో నిలబడి దిక్కులు చూడాలి.

ఇక కారు. ఫోర్ బై ఫోర్ తీసుకుంటే ఇక తిరుగులేదని చాలామంది అనుకుంటారు. అది బండి కదలడానికి పనికొస్తుంది, మంచులో కూరుకుపోతే బయటికి రావడానికి పనికొస్తుంది, కానీ ఆగడానికి ఏమీ సాయం చేయదు. ఆపేది టైర్లు. చలికాలంలో అక్కడ చిన్న చిన్న ఇనుప మేకులు దిగ్గొట్టిన టైర్లు వేస్తారు, నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా వాటికి అనుమతి. తారు మీద టకటకమని చప్పుడు చేస్తాయి, మొదటి గంట చిరాకుగా ఉంటుంది, నల్ల మంచు, అంటే తారు మీద కంటికి కనపడని పల్చటి గడ్డ, తగిలాక ఆ చప్పుడే ధైర్యం. బుక్ చేసేటప్పుడు మేకుల టైర్లు ఉంటాయా అని రాతపూర్వకంగా అడగండి, కారు ఇచ్చేటప్పుడు వంగి చూసుకోండి. అలాగే చుట్టూ తిరిగి వీడియో తీయండి, తలుపుల కీళ్లు, అద్దం, చక్రాలు అన్నీ.

ఇన్సూరెన్స్‌లో అక్కడ వింత పేర్లుంటాయి. కంకర రాయి ఎగిరి అద్దం పగిలితే ఒకటి, ఇసుకా బూడిదా రాసుకుని పెయింట్ పోతే ఇంకొకటి. అవును, బూడిద, అగ్నిపర్వతం బూడిద. వీక్ తర్వాత వచ్చే నల్ల ఇసుక మైదానాల్లో గాలి లేస్తే ఇసుక కాగితంతో రుద్దినట్టు రంగు లేచిపోతుంది. ఈ రెండూ తీసుకోండి. కానీ చాలా కంపెనీల పాలసీల్లో కింద చిన్నక్షరాల్లో ఒక లైను ఉంటుంది: గాలికి తలుపు విరిగితే మాకు సంబంధం లేదు.

ఆ చిన్నక్షరాలు మాకు రేనిస్‌ఫ్యారా బీచ్ పార్కింగ్‌లో పెద్దక్షరాల్లో కనపడ్డాయి. నేను తోకని గాలి వైపు పెట్టి బండి ఆపాను, మనూళ్లో ఆపినట్టే, ఖాళీ ఎక్కడుంటే అక్కడ. వెనక సీట్లో అక్క ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో తలుపు. లాచ్ వదిలిందో లేదో తలుపు ఆమె చేతిలోంచి ఎగిరిపోయింది. టక్‌మని ఒక చప్పుడు, కీలు దగ్గర రేకు మడతపడింది, తలుపు ముందుకి వంగి అలాగే ఉండిపోయింది. బావ నేనూ ఇద్దరం తోసినా మూడు వేళ్ల సందు మిగిలింది. చివరికి అక్క చున్నీ తలుపు పిడికి కట్టి, ఆ రెండో కొస అవతలి పిడి దాకా లాగి, ఇద్దరు ఆడవాళ్లూ చెరో వైపు పట్టుకుని కూర్చుంటే, ఇరవై స్పీడులో వీక్ ఊళ్లోకి చేరాం. ఆ తలుపు ఖరీదుతో ఇంకో మనిషిని తీసుకురావచ్చు.

కాబట్టి తలుపు తీయడం నేర్చుకోండి, నవ్వకండి. బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపాలి. గాలి ఎటో తెలియకపోతే జెండాలు చూడండి, గడ్డి చూడండి, పక్క కార్లు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. తీసేటప్పుడు ఒక చేయి లోపలి పిడి మీద, ఇంకో చేయి తలుపు అంచు మీద, ముందు రెండు వేళ్లంత తీసి గాలి బలం ఎంతో తెలుసుకుని అప్పుడు మిగతాది. ఒకరి తర్వాత ఒకరు దిగాలి, రెండు వైపులా ఒకేసారి తీస్తే గాలి అడ్డంగా దూరి కారులోని కాగితాలు, క్యాపులు సముద్రం పాలు. పిల్లలుంటే వాళ్ల తలుపు బయటినుంచి పెద్దవాళ్లే తీయాలి.

గాలిని అక్కడ సెకనుకి ఇన్ని మీటర్లని చెప్తారు, 18 అని చూసి మనం అంతేనా అనుకుంటాం. దాన్ని మూడున్నర పెట్టి హెచ్చిస్తే సుమారుగా గంటకి కిలోమీటర్లు వస్తాయి. గంటకి 62 కిలోమీటర్లు దాటితే మన వాతావరణ శాఖ దాన్ని తుఫాను అని పిలుస్తుంది, అంటే ఆ లెక్కలో 18 అంటే కోనసీమలో కొబ్బరి చెట్లు ఊగిపోయే గాలి. అక్కడది మామూలు మంగళవారం. మేం పెట్టుకున్న లెక్క: 15 లోపు అయితే వెళ్దాం, 15 నుంచి 20 అయితే దగ్గర దూరాలే, 20 దాటితే రూములో పేకాట. ఏడు రోజుల్లో ఒక రోజు మొత్తం పేకాటలోనే పోయింది, ఆ రోజు బావ రెండు వందల క్రోనాలు గెలిచాడు.

రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ మూడు సైట్లు చూడాలి, ఇది నిత్యపూజ అనుకోండి. రోడ్ల కోసం ఉమ్‌ఫెర్దిన్ డాట్ ఐఎస్ (umferdin.is). అందులో మ్యాప్ మీద రోడ్లు రంగుల్లో ఉంటాయి, ఆకుపచ్చ అయితే శుభ్రంగా ఉన్నట్టు, నీలం అయితే జారుతున్నట్టు, తెలుపు అయితే మంచు పేరుకున్నట్టు, ఎరుపు అయితే మూసేసినట్టు. గాలికీ వానకీ వెదుర్ డాట్ ఐఎస్ (vedur.is), పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు వచ్చేది అందులోనే. మూడోది సేఫ్‌ట్రావెల్ డాట్ ఐఎస్, ప్రయాణికుల కోసం అన్నీ ఒకచోట పెడతారు. ఎమర్జెన్సీ నంబర్ 112, దానికి ఒక యాప్ కూడా ఉంది, మీరున్న చోటుని పంపిస్తుంది, ఇండియాలోనే దింపుకుని వెళ్లండి. రోడ్డు మూసినట్టు గేటు కనపడితే పక్కనుంచి దూరి వెళ్లే తెలివితేటలు వద్దు. అక్కడ మిమ్మల్ని వెతకడానికి వచ్చే రెస్క్యూ వాళ్లు జీతగాళ్లు కాదు, ఉద్యోగాలు వదిలి వచ్చే వాలంటీర్లు.

నడిపే పద్ధతిలో ముందు కుడి ఎడమల గొడవ తేల్చుకోవాలి. ఇండియాలోనూ యూకేలోనూ ఎడమ వైపు నడిపినవాళ్లం, అక్కడ కుడి వైపు. పెద్ద రోడ్డు మీద ఇబ్బంది లేదు, ముందు కారుని చూసి పోతాం. ప్రమాదమంతా ఖాళీ పార్కింగ్‌లోంచి ఖాళీ రోడ్డు మీదికి తిరిగేటప్పుడే. మా ఆవిడకి ఒకటే డ్యూటీ, ప్రతి మలుపులో "కుడీ" అని అరవడం. రౌండెబౌట్‌లో ఇంకో తిరకాసు ఉంది, రెండు లేన్లు ఉంటే లోపలి లేన్‌లో ఉన్నవాడిదే హక్కు, బయటి లేన్‌లో ఉన్నవాళ్లు వాడికి దారివ్వాలి. తారు రోడ్డు మీద స్పీడ్ 90, కంకర రోడ్డు మీద 80, ఊళ్లలో 50, అదీ రోడ్డు పొడిగా ఉంటే. పగలైనా లైట్లు వేసే ఉంచాలి, చట్టం. ఒంటి వరస వంతెనలు చాలా వస్తాయి, ముందు చేరినవాడు ముందు పోతాడు, అనుమానంగా ఉంటే ఆగండి. వంతెన మీద మంచు ముందు గడ్డకడుతుంది కాబట్టి ఎక్కకముందే స్పీడ్ తగ్గించాలి, ఎక్కాక కాదు.

మంచు మీద అన్నీ మెల్లగా చేయాలి. బ్రేకు మెల్లగా, స్టీరింగ్ మెల్లగా, యాక్సిలరేటర్ మెల్లగా. నిండా నీళ్లున్న బిందె ఒళ్లో పెట్టుకుని నడుపుతున్నట్టు నడపమని బావకి చెప్తే టక్కున అర్థమైంది. క్రూజ్ కంట్రోల్ ముట్టుకోవద్దు. బండి జారితే వెళ్లాల్సిన వైపు చూడండి, ఎదురుగా ఉన్న స్తంభం వైపు కాదు. రోడ్డు అంచుల్లో పసుపు కర్రలు పాతి ఉంటాయి, మంచు కమ్మేసినప్పుడు రోడ్డు ఎక్కడిదాకా ఉందో చెప్పేవి అవే. ఫోటో కోసం రోడ్డు మీద ఆపకండి. పక్కన చదునుగా కనపడే మంచు కింద చాలాసార్లు కాలవ ఉంటుంది.

దారిలో ఏం చూడాలనేది అన్ని చోట్లా దొరుకుతుంది, కాబట్టి చలికాలంలో తేడా ఎక్కడొస్తుందో అదే చెప్తాను. మొదటి రోజు గోల్డెన్ సర్కిల్, రేక్యవిక్ నుంచి ఒక్క రోజులో చుట్టి వచ్చే దారి. థింగ్‌వెట్లిర్‌లో భూమి పెంకు ముక్కలైన అమెరికా ఫలకం, యూరప్ ఫలకం ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయి, ఆ పగుల్లో నడుస్తాం, 930లో ఐస్‌లాండ్ వాళ్ల మొదటి పార్లమెంట్ కూర్చుంది కూడా అక్కడే. చెక్క దారి నున్నగా గడ్డకట్టి ఉంటుంది, బూట్ల కిందికి రబ్బరుతో తగిలించే ఇనుప ముళ్లు లేకపోతే రెండు ఫలకాల మధ్య నడుం విరగ్గొట్టుకోవచ్చు. ఆ ముళ్లు ముందే కొని పట్టుకెళ్లండి.

స్ట్రొక్కుర్ అనే వేడినీటి బుగ్గ దగ్గర కాస్త ఓపిక పట్టండి. ఆరు నుంచి పది నిమిషాలకోసారి ఎగుస్తుంది, 15, 20 మీటర్లు. జనం నీటి స్తంభాన్ని ఫోటో తీస్తారు, నాకు నచ్చింది దానికి ముందు క్షణం. గుంటలో నీళ్లు రెండు మూడు సార్లు ఊపిరి పీల్చినట్టు పైకీ కిందికీ ఆడతాయి, ఉన్నట్టుండి నడిమధ్యలో ఒక నీలం బుడగ బోర్లించిన గిన్నెలా ఉబ్బుతుంది, గాజులా మెరుస్తుంది, లోపల ఆవిరి తెల్లగా తిరుగుతూ కనపడుతుంది, ఆ మరుక్షణం పగిలి ఆకాశంలోకి పోతుంది. గాలి వచ్చే వైపు నిలబడండి. గాలి పోయే వైపు నిలబడ్డవాళ్లు తడిసి, ఆ తడి జాకెట్ మీదే గడ్డకట్టి, కరకరలాడుతూ కారెక్కారు. దగ్గర్లోనే లోయిగర్‌వత్న్ అనే చోట సరస్సు ఒడ్డున వేడి ఇసుకలో కుండ పాతిపెట్టి 24 గంటలు ఉంచి రై రొట్టె చేస్తారు. అక్క దాన్ని చూసి "తేగలు తంపటేసినట్టే ఉంది" అంది. వెన్న రాసుకుని తింటే తియ్యగా, బరువుగా, బెల్లం వాసన లేని బెల్లం ముక్కలా ఉంది.

రేక్యవిక్ నుంచి దక్షిణానికి వెళ్లాలంటే ముందు హెట్లిస్‌హేథి అనే గుట్ట ఎక్కి దిగాలి, గాలివానకి మొదట మూసేవాటిలో అదొకటి. దాటాక ఎయాఫ్యాట్లయోకుట్ల్ కొండల కింద సాగే ముక్క ఉంది, 2010లో యూరప్ విమానాల్లో చాలావాటిని నేల మీద కూర్చోబెట్టిన అగ్నిపర్వతం అదే. కొండ చాటున ప్రశాంతంగా పోతుంటాం, చాటు అయిపోగానే గాలి పక్కనుంచి భుజంతో గుద్దినట్టు గుద్దుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాల్సిన చోటు ఇది, పాటలు మార్చుకునే చోటు కాదు. సెల్యాలాండ్స్‌ఫోస్ జలపాతం వెనక నుంచి నడిచే దారి చలికాలంలో మంచు గడ్డలతో మూసి ఉండే అవకాశమే ఎక్కువ, దాని కోసం ఆశ పెట్టుకోవద్దు. స్కోగాఫోస్ 60 మీటర్లు, కారు దిగి పది అడుగుల్లో ఎదురుగా ఉంటుంది.

తలుపు పోయిన రేనిస్‌ఫ్యారా గురించి ఇంకో మాట. నల్ల ఇసుక, బసాల్ట్ స్తంభాలు, ఎంత బాగుంటుందో అంత ప్రమాదం. పది అలలు ఒడ్డున బుద్ధిగా ఆగుతాయి, పదకొండోది మీ వెనక ఉన్న గుహ గోడ దాకా వస్తుంది, వెనక్కి లాక్కుపోతుంది. మనుషులు చనిపోయారు అక్కడ. పార్కింగ్ దగ్గర హెచ్చరిక దీపం ఉంటుంది, దాన్ని చదివి దాని మాట వినండి. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ అసలొద్దు. ఆ నల్ల రాయి చూస్తే నాకు కాతేరు, పంగిడి క్వారీలు గుర్తొచ్చాయి. మా రాజమండ్రి చుట్టుపక్కల నల్లరాయి కూడా లావానే, ఇంచుమించు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పడమటి నుంచి పారుతూ వచ్చిన డెక్కన్ లావా అంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. మన ఇంటి స్లాబులో వేసిన కంకరని చూడ్డానికి ఇంత దూరం వచ్చామా అని బావ.

వీక్ ఊరి వెనక మంచు కింద పడుకున్న అగ్నిపర్వతం పేరు కట్లా. పేరు వినగానే కట్లపామే గుర్తొచ్చింది, తీరు కూడా అదే, చప్పుడు లేకుండా ఉంటుంది. 1918లో లేచినప్పుడు మంచు కరిగి వరద వచ్చింది. మళ్లీ లేస్తే ఊరి వాళ్లంతా గుట్ట మీద చర్చి దగ్గరికి చేరాలని ముందే అనుకుని ఉన్నారు. మీ ఫోన్‌కి అలాంటి మెసేజ్ వస్తే సామాను సంగతి మర్చిపోయి ఆ గుట్ట ఎక్కేయండి.

వీక్ దాటాక నాకు ఈ ట్రిప్ మొత్తంలో బాగా నచ్చిన దారి మొదలవుతుంది, అక్కడ ఎవరూ ఆగరు. రెండు వైపులా కనుచూపు మేర ముద్దలు ముద్దలుగా నాచు, మంచు దాని గుంటల్లో ఇరుక్కుని చారలుగా ఉంటుంది, పిండి చల్లిన ఉండ్రాళ్లలా. అది 1783 జూన్ 8న లాకి పగులు తెరుచుకుని ఎనిమిది నెలల పాటు పారిన లావా. ఆ విషపు పొగకి పశువులు పోయి, కరువొచ్చి దేశంలో ఇంచుమించు ఐదోవంతు జనం పోయారు. లావా క్లోస్తుర్ ఊరి మీదికి వస్తుంటే జులై 20 ఆదివారం పాస్టర్ యోన్ స్టేన్‌గ్రిమ్సన్ ఊరందరినీ చర్చిలో కూర్చోబెట్టి ప్రార్థన చేయించాడట, బయటికొచ్చి చూస్తే లావా ఊరికి ఇవతలే ఆగి ఉందట. ఇప్పటికీ ఆయన్ని అగ్ని పాస్టర్ అనే అంటారు. నాచు మీద కాలు పెట్టకండి, అడుగు ముద్ర పోవడానికి ఏళ్లు పడుతుంది. క్లోస్తుర్‌లో పెట్రోల్ నింపుకోండి, సగం ఉన్నా నింపుకోండి.

ఆ తర్వాత స్కేయ్‌థారార్‌సాండుర్ ఇసుక మైదానం. రోడ్డు పక్కన మెలిపెట్టినట్టు వంగిపోయిన రెండు ఇనుప దూలాలు కనపడతాయి, ఆగి చూడండి. 1996లో వత్నయోకుట్ల్ హిమానీనదం కింద అగ్నిపర్వతం పేలింది, కరిగిన నీళ్లు నెల రోజులు లోపలే నిండి నవంబర్ 5న ఒక్కసారి బయటపడ్డాయి. ఉద్ధృతి మన లెక్కలో 16 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్లింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక 13 లక్షలు, మూడోది 17.75 లక్షలు, గోదావరి వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. కాకపోతే గోదావరి రోజుల తరబడి చెప్పి వస్తుంది, ఇది గంటల్లో వచ్చి ఇళ్లంత మంచు ముక్కలతో వంతెనని కొట్టింది, ఆ దూలాలు దానివే.

యోకుల్సార్లోన్ మంచు సరస్సు దగ్గర గడ్డల మీదికి ఎక్కకండి, అవి తిరగబడతాయి. మంచు గుహకి గైడ్ లేకుండా వెళ్లొద్దు, ఆన్‌లైన్‌లో నెల ముందే బుక్ చేసుకోండి, వాన పడి వెచ్చబడితే వాళ్లే క్యాన్సిల్ చేస్తారు, అప్పుడు బతిమాలొద్దు.

బట్టల్లో ఒక్కటే సూత్రం, ఒంటికి తగిలే పొర ఉన్నిదై ఉండాలి, కాటన్ బనియన్లు ఇంట్లో వదిలేయండి, పై పొర గాలీ నీళ్లూ ఆపాలి. గొడుగు దండగ. ఈత బట్టలు మాత్రం మర్చిపోకండి. ప్రతి చిన్న ఊళ్లోనూ భూమిలోంచి వచ్చే వేడినీళ్ల కొలను ఉంటుంది, బయట మంచు పడుతుంటే మెడ దాకా వేడినీళ్లలో కూర్చోవచ్చు, పేరున్న ఖరీదైన లగూన్ల కంటే నాకు ఇవే నచ్చాయి. కాకపోతే దిగేముందు బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాలి, ఆడా మగా గదులు వేరే అయినా అందరి ముందే. బావ టవల్ కట్టుకుని మూలకి తిరిగి చేస్తుంటే ఒక పెద్దాయన గోడ మీది బొమ్మ చూపించాడు, ఎక్కడెక్కడ రుద్దుకోవాలో ఎర్ర రంగుతో గుర్తులు. రెండో రోజుకి అలవాటైపోయింది. కుళాయి వేడినీళ్లకి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, గంధకం, స్నానానికి పర్లేదు. తాగడానికి చన్నీళ్ల కుళాయి తిప్పి పట్టుకోండి, సీసాల నీళ్లు కొనకండి.

తిండి ఖరీదు. వంటగది ఉన్న గెస్ట్‌హౌస్‌లు చూసుకుని చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, పులిహోర పేస్టు, నిమ్మకాయ పచ్చడి పట్టుకెళ్లాం, పెరుగుకి బదులు స్కిర్ అనే అక్కడి చిక్కటి పెరుగులాంటిది కలిపితే అక్క కూడా ఒప్పుకుంది. తాలింపు జోలికి వెళ్లొద్దు, పొగ అలారం మోగుతుంది. సరుకులకి బోనుస్, క్రోనన్ చవక, కానీ రేక్యవిక్ దాటకముందే నాలుగు రోజులకి కొనేయండి.

అరోరా కోసం అందరూ దాని బలం చెప్పే కేపీ నంబర్ పట్టుకుని కూర్చుంటారు. ముందు మబ్బు చూడండి. వెదుర్ సైట్‌లో అరోరా పేజీ ఉంది, మ్యాప్‌లో తెల్లగా ఉన్నచోట ఆకాశం ఖాళీ, ఆకుపచ్చగా ఉన్నచోట మబ్బు, చాలామంది దీన్ని తిరగేసి చదివి ఆకుపచ్చ అంటే అరోరా అనుకుంటారు. మేమూ మొదటి రాత్రి అలాగే చదివి మబ్బుల్లోకి అరగంట నడిపాం.

కొత్త పేలుళ్ల సంగతి. ఎయిర్‌పోర్టు ఉన్న రేక్యనెస్ ద్వీపకల్పం 800 ఏళ్లు నిద్రపోయి 2021 మార్చిలో లేచింది, 2023 నవంబర్‌లో గ్రిండవిక్ ఊరిని ఖాళీ చేయించారు, అప్పట్నుంచి చాలాసార్లు పగుళ్లు తెరుచుకున్నాయి, గ్రిండవిక్ రోడ్డునీ ఒకసారి బ్లూ లగూన్ అనే పేరున్న వేడినీళ్ల కొలను పార్కింగునీ లావా కప్పేసింది. విమానాలు మామూలుగానే తిరుగుతాయి. మీరున్నప్పుడు పేలితే పోలీసులు తెరిచిన చోటి నుంచి చూడండి, గాలి మీ వైపు వీస్తుంటే వెనక్కి రండి, ఆ గ్యాస్ కంటికి కనపడదు.

ఆఖరి రాత్రి కచ్చితంగా కెఫ్లవిక్ వైపే పడుకోవాలి. పొద్దున ఫ్లైట్ పెట్టుకుని ముందు రాత్రి వీక్‌లో ఉంటే, హెట్లిస్‌హేథి మూసేశారంటే అంతే సంగతులు. మేం తిరిగొచ్చే రోజు సాయంత్రం ఆరుకి ఆ గుట్ట దాటాం, ఎనిమిదికి మూసేశారు. కారు ఇచ్చేముందు బంకులో ట్యాంకు నింపి, అక్కడే బ్రష్షుతో కడుక్కునే చోటుంటే ఉప్పూ బురదా వదిలించండి, మళ్లీ చుట్టూ వీడియో తీయండి. మా వీడియోలో ఒక తలుపు దగ్గరికి రాగానే కెమెరా కాస్త ఆగుతుంది, వెనకనుంచి అక్క గొంతు, "ఆ చున్నీ తీసేయండ్రా ముందు."